కష్టంలో పావుగంట

మీరడిగారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. "సంతోషంగా ఉండటమెలా" అని ఎవరూ అడగలేదు. కష్టం ఇప్పట్లో తీరేది కాదని అందరికీ తెలుసు. ఈలోగా మధ్యమధ్య ఊపిరి పీల్చుకునే దారి ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న. రోగుల కుటుంబాలతో పనిచేసే సలహాదారుల బృందం ఈ జవాబులు రాసింది.

ప్రశ్న: మావారికి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఆరు నెలలైంది. ఐదుకి లేచి వంట ముగించి ఆరున్నరకి ఆటో ఎక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఆయన మాట్లాడటం తగ్గించేశారు. నేను నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. పక్కింటావిడ "నీకోసం కూడా కాస్త టైం పెట్టుకో" అంటారు. ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టుకోవాలండీ? ఒకవేళ దొరికినా, ఆయన సూదులతో పడుకుని ఉంటే నేను కులాసాగా ఉండటం తప్పు కాదా?
– ఒక గృహిణి, మర్రిపాలెం

జవాబు: ముందు తప్పొప్పుల సంగతి చూద్దాం, అది తేలకపోతే మిగతావేవీ మీ చేత చేయించలేం. 1990లలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో సుసాన్ ఫోక్‌మన్ అనే పరిశోధకురాలు ఎయిడ్స్ రోగులకు సేవ చేస్తున్న జీవిత భాగస్వాములను ఏళ్ల తరబడి పలకరించారు. మొదట్లో ఆమె అడిగినవన్నీ కష్టాల గురించే. "మంచి సంగతులు కూడా అడగండి, అవీ ఉన్నాయి" అని చెప్పింది ఆ సేవ చేస్తున్నవాళ్లే. అడిగితే దాదాపు ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెప్పారు. అన్నీ చిన్నవే: కుదిరిన ఒక పూట భోజనం, స్నేహితుడి ఫోను, అలాంటివి. వాళ్ల దుఃఖం తగ్గిపోయి అవి రాలేదు. దుఃఖం పక్కనే ఇవీ ఉన్నాయి. కాబట్టి మీరు నవ్వితే ఆయన బాధలోంచి కొంత దొంగిలించినట్టు కాదు. రెండింటికీ వేరువేరు ఖాతాలు.

ఇక టైం. మీ దగ్గర లేదంటున్నారు గానీ, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు ఉంది. కాకపోతే అది ఆసుపత్రి కుర్చీలో ఉంది. దాన్ని ఒకే ముద్దగా చూడకండి, ముక్కలు చేయండి. సూదులు పెట్టి, మెషిన్ నడిచి, మొదటి బీపీ చూసేదాకా ఓ అరగంట ఎవరి మనసూ కుదురుగా ఉండదు. దాన్ని వదిలేయండి. ఆ తర్వాత గంట, గంటన్నర ఆయన కాస్త తేరుకుని ఉంటారు. చివరి గంటలో చాలామందికి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, తలనొప్పి వస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. "అయిపోవస్తోంది కదా, కాస్త ఉషారు చేద్దాం" అని చివర్లో కబుర్లు మొదలుపెడతారు. ఆయన విసుక్కుంటారు. ఇక నాలుగు రోజులు ఎవరూ నోరెత్తరు. ఏది చేసినా రెండో గంటలోనే చేయండి.

ఏం చేయాలి? ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి కదపకూడదు, దాని మీద బరువు పెట్టకూడదు. పేకాట, చదరంగం లాంటివి కష్టం. అసలు చెయ్యి అక్కర్లేని ఆట గళ్లనుడికట్టు. ఆ రోజు పేపర్లోది మడిచి తీసుకెళ్లండి. ఆధారం మీరు చదవండి, అక్షరాల లెక్క చెప్పండి, మాట ఆయన చెప్పాలి. ఇలా చేస్తే మాట తగ్గించేసిన మనిషిని "ఎలా ఉంది, ఎలా ఉంది" అని అడగాల్సిన పని లేదు. "నిలువు 7, నాలుగక్షరాలు, వానాకాలంలో వినిపించేది" అంటే చాలు, జవాబు చెప్పాలనిపిస్తుంది. మొత్తం పూర్తిచేయాలని పట్టుబట్టకండి, ఐదారు గళ్లు చాలు. మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటే మర్నాటికీ ఒక సాకు ఉంటుంది. మీ సెంటర్లో తోడొచ్చినవాళ్లను లోపలికి రానివ్వకపోతే, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ఫోన్లో ఆధారం చదివి వినిపించవచ్చు. ముందు నర్సును అడగండి.

తిండితో సంతోషపెట్టబోయి చేటు తెచ్చుకోవద్దు. చూడ్డానికొచ్చే చుట్టాలు కొబ్బరిబోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు తెస్తారు. మూడింట్లోనూ పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేనప్పుడు గుండె లయ దెబ్బతింటుంది. మజ్జిగ, చారు, ఐసు ముక్క కూడా డాక్టరు చెప్పిన రోజు నీళ్ల లెక్కలోకే వస్తాయి. ఆయనకు కాఫీ ప్రాణమైతే మానిపించకండి. గ్లాసు చిన్నది చేయండి. 60 మిల్లీలీటర్లు పట్టే చిన్న స్టీలు గ్లాసు నిండుగా ఇస్తే, పెద్ద గ్లాసులో అడుగున పోసిచ్చినట్టు బోసిగా ఉండదు. ఆ 60ని రోజు కోటాలోంచి తీసేసి రాసుకోండి. చాలా చోట్ల డయాలసిస్ నడుస్తుండగా తిననివ్వరు, తిన్నప్పుడు బీపీ పడే అవకాశం ఉంది కనుక. కాబట్టి టిఫిన్ సరదా అక్కడ పెట్టుకోవద్దు.

బయటికి తీసుకెళ్లాలనుకుంటే శనివారం సాయంత్రం వద్దు. డయాలసిస్ రోజు మిగిలిన పూటంతా నీరసమే. బుధ, శుక్రవారాలు మేలు. ఆదివారమూ ఫరవాలేదు. సోమవారానికి రెండు రోజుల నీరు ఒంట్లో చేరి ఉంటుంది, ఆయాసం రావచ్చు.

మీకోసం మాత్రం మూడో గంటలో పదిహేను నిమిషాలు. పక్క బెడ్డు వాళ్ల మనిషితో వంతు పెట్టుకోండి. ఆమె లేచినప్పుడు మీరు ఇద్దర్నీ చూస్తారు, మీరు లేచినప్పుడు ఆమె చూస్తుంది. లేచి ఎక్కడికెళ్లాలో ముందురోజే అనుకుని ఉండాలి. "ఏదో ఒకటి చేద్దాం" అనుకుంటే ఆ పావుగంటా ఫోన్‌కే పోతుంది. గేటు బయట టీ కొట్టు, ఎదురుగా చెట్టు కింద అరుగు, గుడి మెట్టు, ఏదైనా సరే, చోటు ఒకటే ఉండాలి. వెళ్లే ముందు చిన్న కాగితం మీద ఆ పావుగంట ఎంత బాగుంటుందో 10కి ఎన్ని మార్కులు ఊహిస్తున్నారో వేయండి. వచ్చాక అసలు మార్కు వేయండి. రెండు వారాలు చేస్తే ఆరు జతలు వస్తాయి. ఊహించింది 2, వచ్చింది 4 అనే తీరు చాలామంది కాగితాల్లో కనిపిస్తుంది. దిగులు మనసు ఊహలో పిసినారి. ఆ 4 ఏమీ గొప్పది కాదు, నిజమే. కానీ ఊహను నమ్మి కుర్చీలోంచి లేవకపోయి ఉంటే అదీ రాదు.

ప్రశ్న: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి మా అపార్ట్‌మెంటులో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. కింద పార్కింగులో అందరికీ ఒకే పొయ్యి, రాత్రుళ్లు కొవ్వొత్తి చుట్టూ అంత్యాక్షరి. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, ఉద్యోగం లేదు. ఐదు నెలలుగా అప్పుల మీద నడుస్తోంది. ఇంట్లో నలుగురం నాలుగు మూలల కూర్చుంటున్నాం. పిల్లల్ని ఎటైనా తీసుకెళ్దామంటే పర్సు గుర్తొస్తుంది. అప్పటి నవ్వు ఇప్పుడెందుకు రాదు?
– గాజువాక పాఠకుడు

జవాబు: తుపాను అందరికీ వచ్చింది, అప్పు మీ ఒక్కరికే వచ్చింది. అదీ తేడా. అప్పుడు ఎవరి ఇంట్లో ఏం లేదో అందరికీ తెలుసు, దాచాల్సిన పని లేదు. ఇప్పుడు మీ శక్తిలో సగం దాచడానికే పోతోంది. దాచే మనిషి పక్కన కూర్చున్నా దూరంగానే ఉంటాడు. పిల్లలకు కారణం తెలియదు, దూరం మాత్రం తెలుస్తుంది. అప్పుడు ఫోన్లు కూడా పనిచేయలేదు, అదొక కలిసొచ్చిన సంగతి.

కాబట్టి మొదటి పని విహారం కాదు. బాకీల మొత్తం ఒక్క మనిషికి, వీలైతే ఇంటావిడకే, కాగితం మీద రాసి చూపించండి. పిల్లలు పదేళ్లు దాటినవాళ్లైతే అంకెలు అక్కర్లేదు, "కొన్నాళ్లు చేతి బిగువుగా ఉంటాం" అన్న ఒక్క మాట చెప్పండి. రెండో పని, అప్పుల ఆలోచనకు వేళ పెట్టడం. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర అనుకోండి. లెక్కలు, ఫోన్లు, భయాలు అన్నీ అప్పుడే. మిగతా వేళల్లో గుర్తొస్తే చిన్న పుస్తకంలో ఒక మాట గీకి "ఐదింటికి" అనుకోండి. మొదటి వారం ఇది హాస్యాస్పదంగా ఉంటుంది, గంటకోసారి గీకుతారు. రెండో వారానికి మనసు కొంత అలవాటు పడుతుంది. పడుకునే ముందు రెండు గంటల్లోపు మాత్రం ఈ వేళ పెట్టుకోవద్దు, నిద్ర చెడుతుంది.

ఇప్పుడు పైసా ఖర్చులేని ఒక సరదా చెప్తాం. ఈ ఊళ్లో ఉండీ చాలామంది సరిగా చూడనిది: సముద్రంలోంచి చంద్రోదయం. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యాస్తమయం ప్రాంతంలోనే లేస్తాడు. ముందురోజు ఇంకా వెలుతురుండగా లేస్తాడు. మర్నాటి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యం. పిల్లలతో వెళ్లాలంటే పౌర్ణమి గానీ మర్నాడు గానీ సరైనది. మర్నాడైతే చీకటి పడ్డాక ఎర్రగా పైకొస్తుంది, అదే ఎక్కువ బాగుంటుంది. పంచాంగంలో చంద్రోదయం వేళ చూసుకుని పావుగంట ముందే చేరండి, వేళకు వెంటనే కనబడలేదని లేచి రావద్దు. సముద్రం అంచున మసక ఉంటుంది కనుక నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా కూర్చుంటే, ఎండాకాలపు పున్నమికి చంద్రుడు దాదాపు ఎదురుగా వస్తాడు. చలికాలపు పున్నమికి బాగా ఎడమకు, కైలాసగిరి వైపు వెతకాలి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మబ్బు మీద నమ్మకం లేదు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి కాలం. ఎవరు ముందు చూస్తారో పందెం వేయండి, ఓడినవాళ్లు ఇంటికెళ్లాక మంచాలు వేయాలి. పిల్లల్ని నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఆ తీరంలో కాళ్ల కింద ఇసుకను లాగేసే ప్రవాహాలున్నాయి, మోకాలి లోతులోనే మనిషిని పడగొట్టగలవు.

బీచ్ అంటే మురీ మిక్చర్ అడుగుతారు, నలుగురికి కొంటే ఆ ఖర్చే మీకు గుచ్చుకుంటుంది. ఇంటి నుంచి తీసుకెళ్లండి, కలిపి మాత్రం కాదు. మరమరాలు మూత గట్టి డబ్బాలో నాలుగైదు పెద్ద గ్లాసులు. రెండు ఉల్లిపాయలు, రెండు పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి ఇంకో డబ్బాలో. గింజలు తీసేసిన టమాటా ముక్కలు విడిగా. ఉడికించి నీళ్లు ఓడ్చిన బటానీలు, ఒక నిమ్మకాయ, ఉప్పు, కారం. చంద్రుడు పూర్తిగా పైకొచ్చాక కలపండి. టమాటా గింజల నీరు, నిమ్మరసం పడ్డ మూడు నాలుగు నిమిషాలకే మరమరాలు మెత్తబడతాయి. ఇంట్లో కలిపి తీసుకెళ్లి బీచ్‌లో ముద్ద తిన్న కుటుంబాలు ఈ ఊళ్లో కోకొల్లలు.

ప్రశ్న: మామగారు పోయి నాలుగు నెలలు. ఏడాది దాకా పండగలు లేవు, సరే. కానీ వచ్చే నెల మా పాప తొమ్మిదో పుట్టినరోజు. మొన్న మా ఆయన ఏదో జోకుకి పకపకా నవ్వి, వెంటనే లేచి లోపలికెళ్లి ఏడ్చారు. అత్తగారు చూసి ముఖం తిప్పుకున్నారు. ఇంట్లో నవ్వడానికి కూడా ఏడాది ఆగాలా?
– అక్కయ్యపాలెం పాఠకురాలు

జవాబు: నవ్వి ఏడవడం మీ ఆయన చేసిన తప్పు కాదు, శోకం నడిచే తీరే అది. 1999లో స్ట్రోబ్, షట్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని వివరించారు. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు అటూ ఇటూ ఊగుతుంటాడు, ఆ ఊగడం వల్లే తేరుకుంటాడు. అంతకు రెండేళ్ల ముందు కెల్ట్‌నర్, బొనానో భార్యనో భర్తనో పోగొట్టుకుని ఆరు నెలలైనవాళ్లను గమనించారు. పోయినవాళ్ల గురించి మాట్లాడుతూ మనసారా నవ్వగలిగినవాళ్లలో కోపం తక్కువగా, ఆనందం ఎక్కువగా కనిపించాయి.

ఆచారం పండగ వద్దంటుంది, ఆప్యాయతను వద్దనదు. కేకు, బెలూన్లు, పిలుపులు మానేయండి. ముందురోజు అత్తగారి దగ్గర కూర్చుని, "రేపు పాపకి తాతయ్యకిష్టమైనది ఏం చేద్దాం అత్తయ్యా?" అని ఆమెనే అడగండి. అనుమతి అడిగితే ఆమె కాదనాల్సి వస్తుంది. వంటకం అడిగితే చెప్తుంది. పాయసమైనా, పూర్ణం బూరెలైనా ఆమె చేత్తోనే పాప నోట్లో పెట్టించండి. పాపకు కొత్త గౌను విషయంలో ఇళ్లనుబట్టి పట్టింపులుంటాయి, దానికోసం పోట్లాడొద్దు. ఆ రోజు ఎవరికైనా కన్నీళ్లొస్తే పాపను గదిలోంచి పంపేయకండి. "తాతయ్య గుర్తొచ్చారు" అని చెప్పి, మళ్లీ బూరె తినమనండి.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ చేశాను. బీచ్‌కి వెళ్లాను, పాటలు విన్నాను, ఇష్టమైన చేపల పులుసు చేయించుకున్నాను. నోట్లో గడ్డి పెట్టుకున్నట్టుంది. ఏదీ పట్టడం లేదు. నెలన్నరగా ఇంతే. మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది.
– 34 ఏళ్ల పాఠకుడు, పెందుర్తి

జవాబు: మీకు మా చిట్కాలు సరిపోవు, డాక్టరు కావాలి. దేనిమీదా ఇష్టం పుట్టకపోవడం, మనసు బరువుగా ఉండటం రెండు వారాలు దాటి దాదాపు ప్రతిరోజూ ఉంటే, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే డాక్టర్లు కుంగుబాటు జబ్బేమోనని పరీక్షిస్తారు. మీకు నెలన్నర అయింది. వేళకు ముందే తెల్లవారుజామున మెలకువ రావడం దానికి పేరున్న లక్షణం. ఇది బద్ధకమూ కాదు, కృతఘ్నతా కాదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లవచ్చు. అక్కడికెళ్తే ఎవరైనా చూస్తారేమోనని మొహమాటమైతే ముందు మీకు తెలిసిన జనరల్ డాక్టరు దగ్గరే మొదలుపెట్టండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించమని అడగండి, ఈ మూడింట్లో తేడా వచ్చినా ఇలాగే ఉండవచ్చు. మందు మొదలుపెడితే గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఐదో రోజున "పనిచేయట్లేదు" అని మానేయడం, రెండో నెల బాగుందని మానేయడం, రెండూ ఎక్కువమంది చేసే పొరపాట్లే.

చనిపోతే బాగుండు అనే ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ రాత్రి ఇంట్లో ఒకరికి విషయం చెప్పి, పక్కనే పడుకోమనండి.

ఈలోగా సరదాలు వెతకడం ఆపేసి పనులు వేసుకోండి. 1970లలో పీటర్ లూయిన్‌సన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన సూత్రం ఇది. మంచి అనుభవాలు తగ్గితే మనసు కుంగుతుంది, మనసు కుంగితే మనిషి ఇంకా తక్కువ చేస్తాడు, ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలి. మనసు మారేదాకా ఆగితే తెగదు, చెయ్యి కదిలితే తెగవచ్చు. ఇష్టం పుట్టాలని అనుకోకండి. "ఏడింటికి స్నానం, ఏడున్నరకి వీధి చివరిదాకా పదినిమిషాల నడక" అంతే. అయిందా లేదా అని టిక్కు పెట్టడమే, ఎలా అనిపించిందో రాయకండి. ఇష్టం చాలామందిలో చివరగా తిరిగొస్తుంది. నిద్ర, ఆకలి ముందొస్తాయి.

ప్రశ్న: ప్రతి రాత్రి మూడు మంచి విషయాలు రాయమన్నారు. రెండు నెలల నుంచి "ఇల్లుంది, తిండుంది, పిల్లలున్నారు" అని అదే రాస్తున్నా. హోంవర్కులా ఉంది.
– ఒక ఉపాధ్యాయిని, సీతమ్మధార

జవాబు: రోజూ రాయకండి. ఆరు వారాలు నడిచిన ఒక ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. 2005లో అచ్చయిన ఫలితం, చిన్న ప్రయోగమే, అయినా మీ అనుభవానికి సరిపోతోంది. ఆదివారం ఒక్కటే రాయండి, మూడు కాదు. అది ఆ వారం తప్ప ఇంకో వారం రాయడానికి వీల్లేనిదై ఉండాలి. "పిల్లలున్నారు" కుదరదు. "బుధవారం వానలో బస్సు దిగితే ఎనిమిదో తరగతి పిల్ల గొడుగు పట్టింది" కుదురుతుంది. అలాంటిదేదీ లేని వారం పేజీ ఖాళీగా వదిలేయండి, అబద్ధం రాయొద్దు.

ప్రశ్న: అత్తగారు తుంటి విరిగి మంచం మీదున్నారు. ఆవిడకి మొక్కలంటే ప్రాణం. బాల్కనీలో ధనియాలు చల్లితే ఒక్కటీ మొలవలేదు. ఉన్న తులసి కూడా అంచులు మాడిపోతోంది. మాది లాసన్స్ బే, సముద్రం వైపు ఫ్లాటు.
– ఒక పాఠకురాలు

జవాబు: తులసిని మాడుస్తున్నది ఎండ కాకపోవచ్చు, ఉప్పుగాలి కావచ్చు. సముద్రం వైపు బాల్కనీల్లో ఆకుల మీద ఉప్పు పేరుకుని అంచుల నుంచి మాడ్చుకొస్తుంది. ఆకు నాలుక మీద పెట్టి చూడండి, తెలిసిపోతుంది. రెండ్రోజులకోసారి సాయంత్రం మంచినీళ్లతో ఆకులు కడగండి. కుండీని గోడ చాటుకు జరపండి.

ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లాలి, గట్టిగా రుబ్బకుండా అప్పడాల కర్రతో తేలిగ్గా దొర్లిస్తే చాలు. అయినా విశాఖ వేసవిలో సరిగా మొలవవు, మొలిచినా పది రోజులు పడుతుంది. మంచం మీద ఎదురుచూసే మనిషికి పది రోజులు చాలా ఎక్కువ. మెంతులు వేయండి. నాలుగంగుళాల లోతున్న ఐస్‌క్రీం డబ్బా అడుగున మేకు కాల్చి ఎనిమిది చిల్లులు పెట్టండి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక. వంటింట్లో ఉన్న మెంతులే రెండు చెంచాలు, ఎనిమిది గంటలు నానబెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పావంగుళం మట్టి కప్పండి. మూడో రోజుకు మట్టి పైకి లేస్తుంది. నాలుగో రోజుకు పచ్చగా కనిపిస్తుంది. మూడు వారాలకు పప్పులోకి సరిపడా కూర. మొదలు నల్లబడి మొలకలు వాలిపోతే నీళ్లు ఎక్కువయ్యాయని, వత్తుగా చల్లారని అర్థం.

డబ్బా బాల్కనీలో పెట్టి ఆవిడకు కబురు చెప్పడం కాదు. పడుకున్న మనిషి కంటి ఎత్తున, కిటికీ పక్కన స్టూలు మీద పెట్టండి. చిన్న స్ప్రే సీసా ఆవిడ చేతికివ్వండి, నీళ్లు ఆవిడే కొట్టాలి. 1976లో లాంగర్, రాడిన్ ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగంలో రెండు గుంపులకూ మొక్కలిచ్చారు. ఒక గుంపు మొక్కలకు నీళ్లు నర్సులు పోశారు, రెండో గుంపువాళ్లు తామే పోసుకున్నారు. రెండో గుంపుకు ఇంకొన్ని విషయాల్లోనూ సొంత నిర్ణయం ఇచ్చారు. వాళ్లే ఎక్కువ చురుగ్గా కనిపించారు. ఆవిడ నీళ్లు ఎక్కువ కొట్టి ఒక డబ్బా పాడుచేస్తే చేయనివ్వండి. మెంతులు చవక. మీరు రాత్రిపూట రహస్యంగా మట్టి సరిచేయకండి.

ప్రశ్న: ఇల్లంతా లేచేముందు నాకు దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కాఫీ కోసమే బతుకుతున్నాననిపిస్తుంది. ఎవరో అరకు కాఫీ పొడి బహుమతిగా ఇచ్చారు. ఫిల్టర్లో వేస్తే నీళ్లలా దిగిపోతోంది. ఇది కూడా ఈ శీర్షికకు రాయొచ్చా?
– రోగిని చూసుకుంటున్న ఒక అమ్మాయి, కంచరపాలెం

జవాబు: దీనికే రాయాలి. మీకు అలవాటైన పొడిలో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఉండి ఉంటుంది. అది నీళ్లు పీల్చి ఉబ్బి, దిగడాన్ని నెమ్మది చేస్తుంది, చిక్కదనం, నలుపు కూడా చాలావరకు దానివే. బహుమతిగా వచ్చింది చికోరీ కలపని, వట్టి అరబికా రకం కాఫీ పొడి అయి ఉంటుంది. అది త్వరగా దిగుతుంది, రంగు తక్కువ, వాసన ఎక్కువ. రెండు గ్లాసులకు 25 గ్రాములు, అంటే నిండుగా నాలుగు పెద్ద చెంచాలు వేసి, పైన చిల్లుల బిళ్లతో ఒక్కసారి తేలిగ్గా అదమండి. గట్టిగా నొక్కితే అసలే దిగదు. మరిగిన నీళ్లు అర నిమిషం ఆగనిచ్చి, ముందు రెండు చెంచాలు మాత్రం పోసి పొడి తడవనివ్వండి. ఇంకో అర నిమిషానికి మిగతా 150 మిల్లీలీటర్లు. అప్పటికీ పరుగెత్తితే పొడి మీ ఫిల్టరుకు ముతక. మిక్సీలో రెండు తిప్పులు తిప్పండి, మరీ పిండి చేస్తే చిల్లులు మూసుకుంటాయి. పాలు సగానికి సగమే కలపండి, మూడొంతులు పోస్తే ఈ డికాషన్ కనబడదు. డికాషన్‌ను నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు, చేదెక్కుతుంది. పొంగిన పాలే దాన్ని వేడి చేస్తాయి.

దిగడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, మీకున్నది పది. కాబట్టి రాత్రి పడుకునే ముందే వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. రుచి వీసమెత్తు తగ్గుతుంది, పది నిమిషాలూ మీకే మిగులుతాయి.